ధ్వనికి కొలత కట్టిన సాబిన్

గత సంవత్సరం మా సూర్యాపేట ప్రాంతంలోని ఒక పట్టణంలో, కొత్తగా నిర్మించిన సభామందిరంలో సాహిత్యసభ జరిగినది. మందిరం చూడముచ్చటగా ఉన్నది. నేలంతా నున్నని రాయి, గోడలన్నీ నున్నని గచ్చు, పైన స్తంభమన్నది లేని విశాలమైన సిమెంటు కప్పు. వేదికపై ఒక వృద్ధకవి సీసపద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదంలోని కడపటి అక్షరాలు గోడలకు తగిలి తిరిగివచ్చి రెండవ పాదంలో కలిసిపోయినవి. రెండవ పాదం మూడవదానిపై పడినది. ఎత్తుగీతికి వచ్చేసరికి యతి యెక్కడ పడినదో, సమాసం ఎక్కడ విరిగినదో ముందు వరుసలో కూర్చున్న మాకే తెలియలేదు. నిర్వాహకులు మైకు ధ్వని పెంచినారు. మాటతోపాటు హోరు కూడ అంతే పెరిగినది. సభ ముగిసిన తరువాత ఆవరణలోని వేపచెట్టు క్రింద అదే కవి, అదే పద్యం, మైకు లేకుండ చదివితే ఒక్క అక్షరమైనను జారిపోలేదు. తరగతి గదులలో పద్యాలు చదివి వినిపించడమే వృత్తిగా గలవాణ్ణి కనుక ఈ వింత నన్ను చాలా దినాలు వెంటాడినది.

మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రునితో ఈ సంగతి ప్రస్తావించగా ఆయన నవ్వి, నూట ముప్పది సంవత్సరాల క్రిందట అమెరికాలోని మహావిద్యాపీఠానికి సరిగా ఇదే కష్టం వచ్చినదనీ, దానిని తీర్చినవాడు ఒక సామాన్య అధ్యాపకుడనీ చెప్పినాడు. ఆ అధ్యాపకుని పేరు వాలెస్ క్లెమెంట్ సాబిన్. ప్రపంచంలో నేడు సంగీతశాల కట్టే ప్రతి వాస్తుశిల్పికీ ఆ పేరు తెలుసు. మన పాఠశాలల్లో మాత్రం ఆయన సూత్రం విన్నవారు ఉండవచ్చునేమో గాని, ఆయన జీవితం విన్నవారు అరుదు. ఆ జీవితం ప్రధానంగా ఒక ఉపాధ్యాయుని జీవితం. అందుచేతనే దానిని ఇక్కడ చెప్పవలెనని బుద్ధి పుట్టినది.

సాబిన్‌కు పూర్వం శ్రావ్యమైన మందిరాలు లేవని కాదు. ప్రాచీన రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ నాటకశాలలో కంచుపాత్రలు అమర్చే పద్ధతిని వ్రాసిపెట్టినాడు. మన గోలకొండలో ఫతే దర్వాజా గుమ్మటం క్రింద చప్పట్లు కొడితే కొండపైనున్న బాలాహిస్సారులో వినిపించడం విహారయాత్రకు పోయిన ప్రతి విద్యార్థికీ తెలిసినదే. కాని ఈ నేర్పు కట్టినవారి చేతిలోనే ఉండిపోయినది. ఒక కట్టడంలో కుదిరినది మరొకదానిలో ఎందుకు కుదరలేదో చెప్పగలవాడు లేడు. పారిసు నగరంలో 1875లో పూర్తియైన ఒపేరా మందిరాన్ని నిర్మించిన శార్ల్ గార్నియే అంతటి శిల్పి, తాను ధ్వనిని గూర్చి ఎన్ని గ్రంథాలు చదివినను నియమమేదియు దొరకలేదనీ, చివరకు అదృష్టాన్నే నమ్ముకొన్నాననీ దాచకుండ ఒప్పుకున్నాడు. మందిరం కట్టి, తెర ఎత్తి, మొదటి స్వరం వినబడిన తరువాత గాని అది పండినదో ఎండినదో తెలియని కాలమది.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని రిచ్‌వుడ్ అనే చిన్న ఊరిలో 1868 జూను 13వ తేదీన సాబిన్ జన్మించినాడు. తండ్రి హైలస్, తల్లి యానా. బిడ్డల చదువు విషయంలో ఆ తల్లి పట్టుదల గట్టిది. కుమారుడు పదునెనిమిదవ యేటనే, 1886లో, ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొన్నాడు. తరువాత బోస్టన్ నగరం ప్రక్కనే కేంబ్రిడ్జి పట్టణంలోనున్న హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరి 1888లో ఎం.ఏ. పూర్తిచేసి, అక్కడనే భౌతికశాస్త్ర బోధనకు కుదిరినాడు. డాక్టరేటు పట్టానికి ఆయన ఎన్నడును పూనుకోలేదు. నేడు కళాశాలలో చిన్న ఉద్యోగానికైనను ఆ పట్టం అడుగుతున్నారు. ఒక కొత్త శాస్త్రానికి పునాది వేసినవానికి అది లేకపోవడం తలచుకొన్నప్పుడు మాబోటి వట్టి ఎం.ఏ.లకు కొంత ఊరట కలుగుతుంది.

బోధనలో ఆయనకు మంచి పేరు వచ్చినది. పరిశోధనలో చెప్పుకోదగిన పని ఇంకను ఏదియు చేయలేదు. అట్టి స్థితిలో 1895లో హార్వర్డులో ఫాగ్ కళాప్రదర్శనశాల తెరువబడినది. దానిని కట్టినవాడు రిచర్డు మారిస్ హంట్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి. అందులో ఉపన్యాసాలకని ఒక అర్ధచంద్రాకారపు గది ఉన్నది. తీరా చూస్తే ఆ గదిలో ఉపన్యాసం అసాధ్యమైనది. పలికిన అక్షరం ఐదున్నర సెకన్లదాక గదిలోనే తిరుగుతుండేది. నెమ్మదిగా మాట్లాడేవాడు సైతం ఆ వ్యవధిలో మరి పన్నెండు పదునైదు అక్షరాలు పలుకుతాడు. అంటే ఒక్కొక్క అక్షరం వెనుకటి పన్నెండింటి శబ్దంతో పోరాడుతూ శ్రోత చెవికి చేరవలెను. మా సభలో సీసపద్యానికి పట్టిన గతి ఇదే.

విశ్వవిద్యాలయాధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ ఈ గదిని ఎట్లైనను బాగుచేయవలసినదని భౌతికశాస్త్ర శాఖను అడిగినాడు. ఆ భారం ఇరువదియేడేండ్ల సాబిన్‌పై పడినది. ఇది తీరని సమస్య అని పెద్దలు అనుకొనేవారు. విఫలుడైతే నష్టపోయేది పడుచువాడు. సఫలుడైనను అది ఒక గదికి చేసిన మరమ్మతు మాత్రమే. అయినను ఆయన తీసుకున్నాడు.

సాబిన్ ప్రతిభ తొలి అడుగులోనే కనిపిస్తుంది. గది ఆకారాన్ని గూర్చి ఊహలు చేయక, తంత్రులు కట్టి చూడక, ఆయన ఒక సూటి ప్రశ్న వేసుకున్నాడు: ధ్వని ఆగిన తరువాత గదిలో అది ఎంతసేపు మిగిలి ఉంటుంది? ఆ మిగులునే మనం ప్రతినాదం అంటున్నాము. కొండ దగ్గర కేక వేసినప్పుడు విడిగా తిరిగివచ్చేది ప్రతిధ్వని. గదిలో వందలసార్లు గోడనుండి గోడకు దూకి, ఒకదానిలో ఒకటి కరిగి, క్రమంగా సన్నగిల్లేది ప్రతినాదం. మోటబావిలోకి తొంగిచూచి పిలిచిన పల్లెటూరి పిల్లవాడికి ఈ రెండింటి భేదం నేను చెప్పనక్కరలేదు. ఈ కాలాన్ని కొలువవచ్చునని సాబిన్ గ్రహించినాడు. సాధనాలు ఏమంత గొప్పవి కావు: గాలితో మ్రోగే ఒక ఆర్గన్ గొట్టం, కాలాన్ని గుర్తించే ఒక యంత్రం, తన రెండు చెవులు. గొట్టం మ్రోగించి ఆపడం, శబ్దం బొత్తిగా వినబడకపోయే క్షణాన్ని గుర్తించడం, అంతే.

ఆ అంతే అన్నది చేయడానికి మాత్రం నిద్ర మానుకోవలసివచ్చినది. పగలు వీధిలో ట్రాముబండ్ల రొద. అవి ఆగిన తరువాత, అర్ధరాత్రి మొదలు తెల్లవారుజాము ఐదు గంటలవరకు ప్రయోగాలు. తెల్లవారిన తరువాత యథాప్రకారం తరగతులు. ఈ విధంగా నెలలు కాదు, సంవత్సరాలు గడిచినవి.

హార్వర్డులోనే సాండర్స్ థియేటర్ అనే మరొక మందిరం ఉన్నది. అది ఫాగ్ గదికంటే ఎంతో పెద్దది. అయినను అందులో మాట స్పష్టంగా వినబడేది. భేదమేమి? సాండర్స్‌లో ఆసనాలపై మెత్తలు పరచి ఉన్నవి, ఫాగ్‌లో లేవు. సాబిన్ తన సహాయకులతో రాత్రివేళ ఆ మెత్తలను మోసుకొనివచ్చి ఫాగ్ గదిలో పరచడం మొదలుపెట్టినాడు. కొన్ని మెత్తలు పరచి కొలుచుట, మరికొన్ని చేర్చి మళ్ళీ కొలుచుట. పని కాగానే అన్నిటిని తిరిగి యథాస్థానానికి చేర్చుట. ఒక ప్రపంచప్రసిద్ధ శాస్త్రం విశ్వవిద్యాలయపు వీధులలో మెత్తలమూటల రూపంలో నడిచినదన్నమాట. ఏమియు లేనప్పుడు ఐదున్నర సెకన్లకు పైబడియున్న ప్రతినాదం, మెత్తలు పెరిగినకొలది తగ్గి, నాలుగువందల మీటర్లకు మించిన మెత్తలతో ఆసనాలు, నేల, వేదిక, గోడలు కప్పినప్పుడు ఒక సెకను దరిదాపులకు దిగినది.

మిర్యాలగూడలో బియ్యం మిల్లుల గోదాములు చూచినవారికి ఇది కొత్త కాదు. బస్తాలు నిండియున్న గోదాములో హమాలీ కేక అక్కడికక్కడే అణగిపోతుంది. ఖాళీ గోదాములో దగ్గినను ఉరుము ఉరిమినట్లుంటుంది. సున్నం వేయడానికి సామానంతా బయట పెట్టిన రోజున మన ఇంటి గొంతుకే మారిపోతుంది. అందరికీ తెలిసిన ఈ అనుభవంలో ఒక లెక్క ఉన్నదని సాబిన్‌కు ముందు ఎవరికిని తట్టలేదు. తట్టిన తరువాత ఆయన మనుష్యులను, తివాచీలను, తెరలను, కర్రను, గచ్చును, గాజును, దేనిని వదలక పరీక్షించినాడు. ఒక మనిషి శరీరం ఎంత ధ్వనిని మ్రింగుతుందో కూడ కొలిచినాడు.

ఈ సందర్భంలో జరిగిన ఒక సంగతి ఆయన స్వభావాన్ని చక్కగా పట్టియిస్తుంది. ఒక వేసవి అంతయు శ్రమించి మూడువేలకు పైగా కొలతలు తీసినాడు. తరువాత సరిచూచుకుంటుంటే స్వల్పమైన తేడాలు కనిపించినవి. కారణం వెదుకగా వెదుకగా అది తాను ధరించిన దుస్తులలో దొరికినది! ఒకనాడు పలుచని దుస్తులు, ఒకనాడు దళసరివి. ఆ కాస్త గుడ్డ త్రాగే ధ్వని సైతం లెక్కను తప్పించినది. మరొకడైతే ఆ తేడాను ఉపేక్షించియుండేవాడు. సాబిన్ ఆ మూడువేల కొలతలను మొత్తంగా ప్రక్కన పారవేసినాడు. అప్పటినుండి ప్రయోగానికి కూర్చున్నప్పుడెల్ల ఒకే రకపు కోటు, ఒకే రకపు పంట్లాము, ఒకే రకపు బూట్లు. ఆ దుస్తుల వివరాన్ని తన శాస్త్రవ్యాసంలో సైతం వ్రాసినాడు. విద్యార్థులు ప్రయోగశాల పుస్తకంలో అంకెలను సరిదిద్దుకొనేటప్పుడు ఈ కోటును ఒకసారి జ్ఞాపకం చేసుకుందురుగాక.

రెండు మూడేండ్లు గడిచినవి. ఎలియట్ అడిగినది గది బాగుచేయమని. సాబిన్ ఇంకను కొలుస్తూనే ఉన్నాడు. అధ్యక్షునికి ఓపిక తరిగినది. ఉన్న జ్ఞానంతోనే పని పూర్తిచేయవలసినదని తొందరపెట్టినాడు. సాబిన్ గోడలకు ఉన్నిపొరలు అంటించి గదిని వాడుకకు తెచ్చినాడు. అది గొప్ప గది కాలేదు గాని పాఠం వినబడే గది అయినది. అక్కడితో కథ ముగియవలసినదే. అంతలో 1898లో ఒక ధనికుని కోరిక దానిని మరొక దారి పట్టించినది.

బోస్టన్ సింఫనీ వాద్యబృందాన్ని 1881లో స్థాపించి పోషిస్తున్న హెన్రీ హిగిన్సన్, దానికొక శాశ్వతమందిరం కట్టించ దలచినాడు. సింఫనీ అంటే వయొలినులు మొదలు తప్పెటలవరకు ఎనుబది, తొంబదిమంది వాద్యకారులు ఏకకాలంలో మ్రోగించే సంగీతం. మన కచేరీలో ఒక గాయకుడు, ఒక వయొలిను, ఒక మృదంగం. ప్రతి గమకం, ప్రతి జతి విడివిడిగా వినబడవలెను. సింఫనీకి స్పష్టతతోపాటు నిండుదనం కూడ కావలెను. వాద్యాల ధ్వనులు ఒకదానిపై ఒకటి కొంతసేపు నిలిచి కలిసిపోకపోతే అది ఎండిన కాలువవలె ఉంటుంది. మితిమీరి నిలిస్తే వరదనీటివలె కలగాపులగమవుతుంది. ప్రసంగానికి ఒక సెకను ప్రతినాదం చాలును. సింఫనీకి రెండు సెకన్ల దరిదాపు కావలెనని నేటి అనుభవం. అన్నిటికీ ఒకే మందిరాన్ని వాడుకొనే మనబోటివారు ఈ భేదాన్ని గమనించడం మంచిది. రవీంద్రుని శతజయంతి సందర్భంగా 1961లో హైదరాబాదులో ప్రారంభమైన రవీంద్రభారతిలో ఉపన్యాసం, నాటకం, కూచిపూడి, కచేరీ అన్నీ ఒకే వేదికపై జరుగుతున్నవి. అట్టి మందిరం ఏదో ఒక మధ్యేమార్గం పట్టక తప్పదు.

హిగిన్సన్ నియమించిన వాస్తుశిల్పి చార్లెస్ మెకిమ్ మొదట గ్రీకు రంగస్థలంవంటి అర్ధవృత్తాకారపు నమూనా సిద్ధంచేసినాడు. హిగిన్సన్‌కు గుండె జంకినది. పరీక్షింపబడని ఆకారంపై అంత ధనం పోయుటకు ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు ఎలియట్ సాబిన్ పేరు చెప్పినాడు. సాబిన్ సంకోచించినాడు. తన దగ్గర కొలతలున్నవి గాని వాటన్నిటినీ ఒక త్రాట గ్రుచ్చే నియమం ఇంకను దొరకలేదు. ఆ అక్టోబరు చివర ఒక రాత్రి ఇంటిలో కూర్చుండి, మెత్తల పొడవు ఒక అక్షంపై, ప్రతినాదకాలం మరొక అక్షంపై గీచిన రేఖలను తదేకంగా చూస్తుండగా అది అతిపరావలయమని స్ఫురించినదట. ప్రక్కనున్న తల్లితో ఆ మాట కేకవేసి చెప్పినాడని చెప్పుకుంటారు. ఆమెకు గణితం ఎంత అర్థమైనదో తెలియదు గాని, ఆ శుభవార్తను లోకంలో మొదట విన్నది ఆ తల్లియే. వెంటనే ఆయన ఎలియట్‌కు తన సమ్మతి తెలిపినాడు.

ఆ నియమాన్ని బడిపిల్లలకు సైతం చెప్పవచ్చును. గది ఘనపరిమాణం పెరిగినకొలది ప్రతినాదం పెరుగుతుంది. ధ్వనిని మ్రింగే వస్తువులు పెరిగినకొలది తగ్గుతుంది. ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలోను, శోషణాన్ని చదరపు మీటర్లలోను తీసుకొని, మొదటిదానిని 0.16తో హెచ్చవేసి రెండవదానిచే భాగిస్తే సెకన్లు వస్తవి. శోషణానికి ప్రమాణంగా సాబిన్ తీసుకున్నది తెరచిన కిటికీని. కిటికీగుండా పోయిన ధ్వని తిరిగిరాదు. కనుక ఒక చదరపు మీటరు తెరచిన కిటికీ ఒక పూర్ణ ప్రమాణం; తక్కినవన్నీ దానిలో భాగాలు. కాకతీయుల కాలపు దేవాలయాలలో ప్రక్కలు తెరచియుండే రంగమండపాలలో రాతి కట్టడమైనను పాటగాని పలుకుగాని ఎందుకు హోరెత్తదో ఈ ఒక్క మాటతో బోధపడినది. వేపచెట్టు క్రింద నాలుగు దిక్కులా తెరచిన కిటికీయే గదా!

ఉపాధ్యాయమిత్రులు తరగతిలో వేయదగిన చిన్న లెక్క ఒకటి. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తుగల పాఠశాల హాలు తీసుకుందాము. ఘనపరిమాణం 1,000 ఘనమీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 700 చదరపు మీటర్లు. గట్టి సిమెంటు గచ్చు నూటికి రెండు పాళ్ళకంటే ఎక్కువ ధ్వనిని మ్రింగదు. కాబట్టి మొత్తం శోషణం 14. తలుపులు మూసిన ఖాళీ హాలులో ప్రతినాదం 11 సెకన్లకు పైగా వస్తుంది. 20 చదరపు మీటర్ల కిటికీలు తెరిస్తే అది 5 సెకన్లకు లోబడుతుంది. ఇప్పుడు 200 మంది పిల్లలను కూర్చోబెట్టండి. ఒక్కొక్క మనిషి దాదాపు అర చదరపు మీటరు తెరచిన కిటికీకి సమానమని సాబిన్ కొలిచినాడు. తలకు 0.45 చొప్పున వేసుకుంటే శోషణం 124కు పెరిగి ప్రతినాదం సుమారు 1.3 సెకన్లకు పడిపోతుంది. ఖాళీ హాలులో మైకు పరీక్షించి బాగులేదని దిగులుపడే నిర్వాహకులకు, అరకొరగా వచ్చిన శ్రోతలతో సభ ఎందుకు హోరెత్తుతుందో తెలియనివారికి ఇందులో జవాబు ఉన్నది. శ్రోతలు వినేవారు మాత్రమే కారు, మందిరంలో అందరికంటే పెద్ద శోషకవస్తువు వారే. నిండుసభ అనే మాటను మన పెద్దలు మరొక అర్థంలో వాడినారు గాని, ధ్వనిశాస్త్రానికి కూడ ఆ మాట చక్కగా నప్పుతుంది.

ఇక బోస్టన్ మందిరం. హిగిన్సన్‌కు నచ్చిన నమూనా జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో 1884లో కట్టిన గెవాండ్‌హౌస్. అది తరువాత రెండవ ప్రపంచయుద్ధంలో బాంబుల పాలయినది. కాని అందులో ఆసనాలు సుమారు 1,500 మాత్రమే. బోస్టన్‌కు 2,600 కావలెను. అదే ఆకారాన్ని అన్ని దిక్కులా పెంచితే సరిపోతుందని తోచవచ్చును. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిని 1.3 రెట్లు చేస్తే ఘనపరిమాణం రెండింతలు దాటిపోతుందనీ, ప్రతినాదం హద్దుమీరుతుందనీ సాబిన్ లెక్కవేసి చూపినాడు. అందుచేత మందిరాన్ని సన్నగాను, పొడవుగాను ఉంచి, రెండు అంతస్తుల బాల్కనీలు పెట్టి ఆసనాలు సర్దినారు. వెడల్పు 75 అడుగులు, ఎత్తు 60 అడుగుల దరిదాపు. ప్రక్క బాల్కనీలు లోతు లేనివి. వాద్యబృందం కూర్చుండే వేదిక గోడలు, కప్పు వెనుకకు పోయినకొలది ఇరుకై, ధ్వనిని శ్రోతలవైపు త్రోస్తవి. కప్పుకు గళ్ళు, గోడలకు గూళ్ళు. గూళ్ళలో పదునారు గ్రీకు, రోమను విగ్రహాల ప్రతిరూపాలు. అవి అలంకారం కొరకే పెట్టినవి గాని, ధ్వనిని నలుదెసల చిలికి మృదువుచేసే పని కూడ చేస్తవి. ఈ మందిరాన్ని పడమటివారు బూట్లపెట్టె ఆకారమంటారు. చూపుకు అంత అందమైన ఉపమానం కాదు గాని ఆకారం మాత్రం సరిగా అదే.

నిండుసభలో ప్రతినాదం 2.31 సెకన్లు ఉండునని సాబిన్ ముందుగానే లెక్కగట్టి చెప్పినాడు. లైప్‌జిగ్ మందిరానికి ఆయన గణించినది 2.30. ఇటుకపై ఇటుక పేర్చకముందే ఒక మందిరం గొంతును దశాంశాలలో చెప్పడం లోకంలో అదే మొదలు. చెప్పుటలోని సాహసం కూడ అంతటిదే. తప్పితే శిల్పి పోడు, ధనికుడు పోడు. పోయేది డాక్టరేటు లేని అధ్యాపకుని పరువు, అతని వెంట అప్పుడే పుట్టిన శాస్త్రం.

1900 అక్టోబరు 15వ తేదీన సింఫనీ హాలు ప్రారంభమైనది. సాబిన్ గొంతెత్తి జయజయధ్వానాలు అందుకున్నాడని వ్రాయగలిగితే బాగుండేది. అట్లు జరుగలేదు. పత్రికల విమర్శకులు రెండు చీలికలైనారు. కొందరు మెచ్చుకున్నారు. పాత మందిరానికి అలవాటుపడిన చెవులుగల కొందరు స్వరంలో నిండుదనం లేదని, ధ్వని ఎక్కడో దూరంనుండి వచ్చినట్లున్నదని నిరసించినారు. చాలా సంవత్సరాలు ఈ సణుగుడు వినబడుతూనే ఉన్నది.

వింత యేమనగా, సాబిన్ లెక్క కొంత తప్పినది కూడ. తరువాతివారు మంచి సాధనాలతో కొలువగా నిండుసభలో ప్రతినాదం 2.31 కాదు, 1.9 సెకన్ల లోపలనే ఉన్నదని తేలినది. కారణాన్ని అర్ధశతాబ్దం తరువాత లియో బెరనెక్ అనే శాస్త్రజ్ఞుడు విప్పిచెప్పినాడు. శ్రోతలు మ్రింగే ధ్వని వారి తలల లెక్కనుబట్టి కాక, వారు ఆక్రమించిన స్థలపు వైశాల్యాన్నిబట్టి ఉంటుంది. విశాలంగా కూర్చున్న వందమంది ఇరుకుగా కూర్చున్న వందమందికంటే ఎక్కువ మ్రింగుతారు. సాబిన్ తలలు లెక్కపెట్టినాడు. నేను పైన వేసిన బడి లెక్కలో కూడ ఆ లోపం ఉన్నది; అందుకే సుమారు అన్నాను. సూత్రం తప్పు కాదు, అందులో వేసిన ఒక అంకె తక్కువైనది. దైవికంగా ఆ తక్కువ మందిరానికి మేలే చేసినది. ఇరుకైన ప్రక్కగోడలనుండి తిరిగివచ్చే తొలి ధ్వని శ్రోతను సంగీతంలో ముంచెత్తుతుందన్న సంగతి సాబిన్ కాలానికి తెలియదు. పాత ఆకారాన్ని వదలని హిగిన్సన్ భయం ఆ మేలును కూడ తెచ్చిపెట్టినది. గణితం, జాగ్రత్త, అదృష్టం మూడును కలిసివచ్చినవని చెప్పుటే న్యాయం. నేడు వియన్నాలోని మ్యూజిక్‌ఫెరైన్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌గెబౌలతోపాటు బోస్టన్ హాలును ప్రపంచంలోని అత్యుత్తమ సంగీతశాలలలో లెక్కిస్తున్నారు. తక్కిన రెండును సాబిన్‌కు పూర్వం అనుభవంతో కట్టినవి. ఇది లెక్కతో కట్టినది.

అంతమాత్రాన తరువాతివారికి పని సులువైపోలేదు. 1962లో న్యూయార్కులో అదే బెరనెక్ సలహాతో తెరచిన ఫిల్‌హార్మనిక్ హాలు, నడుమ ఆసనాలు పెంచి ఆకారం మార్చడంచేత అపకీర్తి పాలయినది. 1976లో లోపలి భాగమంతా తీసివేసి తిరిగి కట్టినారు, 2022లో మరల మార్చినారు. నాలుగు ఆసనాలు ఎక్కువ వేయించవలెనన్న ఆశ మన సభామందిరాలకే పరిమితం కాదన్నమాట.

సింఫనీ హాలు తెరచిన సంవత్సరమే సాబిన్, జేన్ కెల్లీ అనే వైద్యురాలిని వివాహమాడినాడు. ఇద్దరు కుమార్తెలు కలిగినారు. 1905లో ఆచార్యుడు, మరుసటి సంవత్సరం డీను అయినాడు. పరిపాలనలో కొన్నేండ్లు చిక్కుకొన్నను ధ్వనిని వదలలేదు. మందిరాల చిన్న నమూనాలు చేసి, వాటిలో విద్యుత్ రవ్వ పుట్టించిన శబ్దతరంగాలను ఛాయాచిత్రాలు తీసినాడు. గోడకు తగిలి అల ఎట్లు విరుగునో కంటితో చూచుటకు వీలైనది. గ్వాస్తవీనో అనే నిర్మాతతో కలిసి, ధ్వనిని మ్రింగే రంధ్రాల పెంకును రూపొందించినాడు. న్యూయార్కులోని సెయింట్ థామస్ చర్చిలో ఆ పెంకులు వాడినారు. తన జ్ఞానాన్ని ఆయన ధారాళంగా పంచిపెట్టినాడు గాని వ్రాసి ప్రకటించినది తక్కువ. నిస్సందేహమైతే తప్ప ముద్రణకు ఇవ్వని స్వభావం అందుకు కారణం. మూడువేల కొలతలను పారవేసిన చెయ్యి అంత సులువుగా కలం పట్టదు.

మొదటి ప్రపంచయుద్ధం ఆయనను కబళించినది. 1916, 17 సంవత్సరాలలో ఫ్రాన్సులో ఉండి యుద్ధబాధితుల సహాయకార్యంలోను, పారిసు విశ్వవిద్యాలయంలో ధ్వనిశాస్త్రంపై ఉపన్యాసాలలోను పాల్గొన్నాడు. అక్కడనే మూత్రపిండాల వ్యాధి పట్టుకున్నది. పూర్తిగా కోలుకొనకముందే స్వదేశం యుద్ధంలో దిగగా, వాషింగ్టన్‌లో విమాన నిర్మాణశాఖలో బాధ్యత వహించినాడు. ఆ పని చేస్తూనే తన తరగతులు మానరాదని వాషింగ్టన్‌నుండి కేంబ్రిడ్జికి రైలులో వస్తూ పోతూ ఉండెను. ఇది సుమారు 400 మైళ్ళ దూరం. శస్త్రచికిత్స చేయించుకొమ్మని వైద్యులు చెప్పినను, యుద్ధం ముగిసినదాక ఆగినాడు. ఇంట వైద్యురాలైన భార్య ఉండియు ఆయన మాట వినలేదు. 1918 నవంబరులో యుద్ధం ముగిసినది. 1919 జనవరి 10వ తేదీన, శస్త్రచికిత్స తరువాత, ఏబదియవ యేట సాబిన్ కన్నుమూసినాడు.

అప్పటికి ఇల్లినాయి రాష్ట్రంలో జార్జి ఫేబియన్ అనే ధనికుడు ఆయన కొరకే ఒక ధ్వనిప్రయోగశాలను కట్టించి సిద్ధంచేసినాడు. బయటి చప్పుడు చొరకుండ మందపు గోడలతో కట్టిన గది అది. ట్రాముబండ్లు ఆగేదాక అర్ధరాత్రివరకు కాచుకొనవలసిన పని ఇక లేదు. అందులో పని ప్రారంభించే యోగం సాబిన్‌కు కలుగలేదు. దాయాది పాల్ సాబిన్ ఆ బాధ్యత తీసుకొని కొలతలు కొనసాగించినాడు. ఆయన వ్యాసాలను 1922లో ఒక సంపుటంగా అచ్చువేసినారు. తెరచిన కిటికీ ప్రమాణానికి తరువాతివారు సాబిన్ అనియే పేరుపెట్టినారు. పరుపుల కంపెనీ మొదలు సినిమాహాలు కట్టే ఇంజనీరువరకు నేడు ఆ పేరుతోనే లెక్క వేస్తున్నారు.